నూటొక్క ఖాళీ బిందెల కళాఖండం

కర్నూలుకు కావలసింది మంచినీళ్లు కాదు, ఆధునిక కళ! ఎండదెబ్బ తగిలి అంటున్న మాట కాదిది. నీడలో కూర్చుని, నెత్తిన తడిగుడ్డ వేసుకుని, బాగా ఆలోచించి రాస్తున్నాను. తడిగుడ్డ అన్నది మాటవరసకే. తడపడానికి నీళ్లెక్కడివి?

మీరే చెప్పండి. జనానికి నీళ్లిస్తే ఏం చేస్తారు? తాగేస్తారు. మిగిలినవి ఒంటి మీద పోసుకుంటారు. మర్నాడు పొద్దున్నే మళ్లీ కావాలంటారు. కళ అలా కాదే! ఒకసారి సర్కిల్‌లో పెట్టి రిబ్బన్ కత్తిరిస్తే అక్కడే పడి ఉంటుంది. ఆవిరైపోదు, మోటారు కాలిందన్న గొడవ లేదు. పైగా పూర్తిగా ఉచితం. టికెట్టు లేదు, క్యూ లేదు. క్యూ సంగతి మాత్రం కాసేపాగి చెబుతాను.

అందుకే మా ఊళ్లో నగర కళా వికాస మండలి అనే సంస్థ వెలిసినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే. దాని కార్యదర్శి భూపేష్ గారు బెంగళూరులో ఏదో ఎగ్జిబిషన్ చూసొచ్చారు. అప్పటి నుంచి ఆయనకు ఎక్కడైనా ఖాళీ జాగా కనిపిస్తే చేతులు ఊరుకోవు.

ఆయన మొదట పట్టించుకున్నది ఫౌంటెన్‌ను. కట్టిన రోజు నుంచి చుక్క చిమ్మని ఫౌంటెన్ అది. దాని ముందు ‘స్తంభించిన జలం’ అని ఫలకం పాతించారు. అంతే, రిపేరు చేయించండని అడిగే నోళ్లన్నీ మూతబడ్డాయి. శిల్పానికి రిపేరేమిటండీ?

తర్వాత రోడ్డు మీది గుంతలు. వాటి చుట్టూ పసుపు రంగుతో పొద్దుతిరుగుడు రేకులు దిద్దించారు. ఇప్పుడు స్కూటర్ మీద నుంచి పడినవాళ్లు ఎవరినీ తిట్టడం లేదు. పువ్వు మధ్యలో కూర్చుని సెల్ఫీ దిగి, అప్పుడు మోకాలు చూసుకుంటున్నారు.

ఆ తర్వాత మా మిట్ట కాలనీ ఓవర్‌హెడ్ ట్యాంకు వంతు వచ్చింది. దాని మీద శ్రీశైలం డ్యాం గేట్లన్నీ ఎత్తేసి కృష్ణమ్మ దూకుతున్నట్టు ఇంత పెద్ద బొమ్మ వేయించారు. మేకలు కింద నిలబడి నోళ్లు తెరుచుకుని పైకి చూస్తున్నాయి. మా ఆవిడ ఆ దారిన పోతే తుంపర పడుతుందని కొంగు నెత్తిన వేసుకుంటోంది. ట్యాంకు లోపల నీళ్లు లేకపోతేనేం, బయట ఉన్నాయి కదా!

వీటన్నిటినీ తలదన్నే కళ ఈమధ్య ఒక బుధవారం మా సర్కిల్‌కు వచ్చింది. దాని మొదటి రసికురాలు సిద్దమ్మ. ఆ కథే మీకు చెప్పబోతున్నాను.

సిద్దమ్మది కోసిగి వైపు. కరువుకు కూలిపనుల కోసం కర్నూలు వచ్చి, మా మిట్ట కాలనీలో నిలదొక్కుకుని, సర్కిల్ దగ్గర ఉగ్గాని, బజ్జీల బండి పెట్టుకుంది. కూతురు నాగజ్యోతి పురుడు పోసుకుని ఆ బుధవారానికి పది రోజులు. మర్నాడు పురిటి స్నానం. అల్లుడి తల్లి గురమ్మ వేంపల్లె నుంచి ఆటో నిండా చుట్టాలను వేసుకుని దిగబోతోంది. గురమ్మ సామాన్యురాలు కాదు. పెళ్లిలో చారు పల్చనైందన్న సంగతిని మూడేళ్లుగా ఊరూరా చెప్పుకొస్తున్న మనిషి.

కొళాయి చూస్తే ఆరు రోజులుగా రాలేదు. ఇంట్లో మిగిలింది ఒక్క చెంబెడు నీళ్లు. బాలింత తల మీద పోయడానికి రెండు బిందెల నీళ్లు లేవని గురమ్మకు తెలిసిందా, ఆ మాట చంటిదాని పెళ్లి దాకా వేంపల్లెలో చెప్పుకుంటారు. సిద్దమ్మకు మంగళవారం రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

ఇక్కడ మా కాలనీ రాజ్యాంగం గురించి ఒక మాట చెప్పాలి. ట్యాంకరు కోసం మా దగ్గర మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. యజమాని పనికి పోయినా, పెళ్లికి పోయినా దాన్ని ఎవరూ జరపకూడదు. ట్యాంకరు నడిపే లాజరు ముందు బిందెతో మొదలుపెట్టి వరసగా నింపుకుంటూ పోతాడు. ఆయన చర్చిలో సంఘపెద్ద. వరస తప్పితే ఆదివారం ప్రార్థనలో మోకాళ్లు వంగవంటాడు.

ఈ రాజ్యాంగం రాయించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ సిద్దమ్మే! రెండేళ్ల కిందట తను బజ్జీలు వేస్తుండగా ఎవరో తన బిందెను వెనక్కి జరిపారు. ఆమె అరిచిన అరుపులకు కాలనీ పెద్దలంతా కూర్చుని ఆ నియమం పెట్టారు. అప్పటి నుంచి మా దగ్గర తలలు పగల్లేదు.

సరే, బుధవారం పొద్దున్నే ఉగ్గానికి కావలసిన బొరుగుల మూటతో సర్కిల్‌కు వచ్చిన సిద్దమ్మకు ఎదురుగా ఏం కనిపించిందో తెలుసా? బిందెలు! రోడ్డు పొడవునా ఒకదాని వెనక ఒకటి, అన్నీ నీలం రంగువి, అన్నీ కొత్తవి. పక్కన ఒక్క మనిషి లేడు. ముందెక్కడో ఒక పలక మీద ఎర్ర గుడ్డ కప్పి ఉంది.

వేరే ఊరివాళ్లయితే ఇదేమిటని ఆగి ఆలోచించేవాళ్లు. సిద్దమ్మకు ఆలోచనతో పనేముంది? మనుషులు లేని బిందెల వరస అంటే ట్యాంకరు వస్తోందనే కదా! రంగు సంగతికొస్తే, ఏ పార్టీవాళ్లో ఇంటింటికీ పంచి ఉంటారు, తన ఇంటికి మాత్రం ఇవ్వలేదు. ఆ కోపం తర్వాత చూసుకోవచ్చని మూట బండి మీద పడేసి ఇంటికి పరిగెత్తింది. రెండు బిందెలు తెచ్చి వరస చివర పెట్టింది. నూటరెండు, నూటమూడు.

“సిద్దక్కా, ఏంటికి అట్ల ఉరుకుతాండావు?” అని ఎదురింటి భువన అరిచింది.

“ట్యాంకరు సర్కిల్ కాడికే వస్తాండాదంట! బిందె ఎత్తుకోని రా, బిరీన!”

ఆ ‘అంట’ అన్నది ఎవరో మాత్రం ఆమె చెప్పలేదు, భువన అడగలేదు. గంట తిరిగేసరికి ఎర్రవి, పచ్చవి, స్టీలువి, మూతి సొట్టపోయినవి అన్నీ కలిసి మూడు వందల బిందెలు చర్చి గేటు దాకా పాకాయి. అందులో నాదీ ఒకటుందని మీతో నిజాయితీగా ఒప్పుకుంటున్నాను. సిద్దమ్మ రెండు బిందెల వెనక నాదే.

పది గంటలకు భూపేష్ గారు కారు దిగారు. ఆయన వెంట బెంగళూరు నుంచి వచ్చిన కళాకారిణి యామిని దిగింది. మంచి పిల్ల, మన భాషే మాట్లాడుతుంది. వరస చూసి ఇద్దరూ ఆగిపోయారు. ఎర్ర గుడ్డ తీస్తే పలక మీద, వెనకున్న మాకెవరికీ కనపడనంత చిన్న అక్షరాల్లో, ఇలా ఉంది: ‘శూన్యం. ఒక సామూహిక నిరీక్షణ. నూటొక్క ఖాళీ బిందెలు.’

“నేను నూటొక్కటే పెట్టాను, మిగతావి ప్రజలే పెట్టారు!” అని భూపేష్ గారితో అంటూ యామిని కళ్లు తుడుచుకుంది.

భూపేష్ గారు మైకు అందుకున్నారు. మన నగర ప్రజలు కళను చూడటమే కాదు, కళలో భాగమైపోయారన్నారు. యూరప్‌లో కూడా ఇంతటి స్పందన రాదన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ట్యాంకరుకు అంత ఉపన్యాసం ఎందుకని మాకు అనుమానం వచ్చింది కానీ, వీఐపీలు వస్తే నీళ్లు తప్పకుండా వస్తాయని సంతోషించాం.

ఒక టీవీ విలేకరి సిద్దమ్మ మూతి ముందు మైకు పెట్టాడు.

“అమ్మా, ఈ నిరీక్షణను చూస్తే మీకేమనిపిస్తోంది?”

“బిరీన వస్తే బాగుండు అనిపిస్తాండాదప్పా. రేపు మా యమ్మికి తలకు పోయల్ల.”

సాయంత్రం వార్తల్లో దీన్ని ‘నవయుగం కోసం సామాన్యురాలి తపన’ అని వేశారు. తలకు పోయడం సంగతి కత్తిరించారు.

ఇంతలో లాజరు ట్యాంకరు వచ్చింది. కింది వీధుల్లో పోసుకుంటూ రాగా అడుగున కొంత మిగిలి, మిట్ట కాలనీకి ఎక్కుతోంది. దారిలో ఇంత పొడుగు వరస కనపడితే లాజరు ఆగకుండా పోతాడా? బ్రేకు వేశాడు, పైపు దించాడు, మొట్టమొదటి నీలం బిందెలో పెట్టాడు.

“అయ్యో, నింపకండి! అది ఆర్ట్! ఖాళీగా ఉండటమే దాని అర్థం!” అంటూ యామిని అడ్డం వచ్చింది.

“తల్లీ, ముందర బిందె పెట్టి నింపొద్దంటే ఎట్ల? రేపు నేను ఆ పైవానికి ఏం చెప్పల్ల?” అని లాజరు రెండో బిందెకు జరిగాడు.

అప్పుడు తెలిసింది సిద్దమ్మకు, ముందున్న బిందెలు ఎవరివీ కావని! లబోదిబోమంటూ ట్యాంకరు దగ్గరికి పరిగెత్తింది.

“లాజరన్నా, ఆటికి మనిసి లేడన్నా! ఉత్త బొమ్మ బిందెలంట! నావి నింపన్నా, రేపు వేంపల్లె వాళ్లు వస్తాండారు!”

“సిద్దమ్మా, నువ్వు బజ్జీలు కాల్చుకుంటాంటే నీ బిందె కాడ మనిసి ఉండాడా? నేను నింపలేదా? బిందె ఉంటే మనిసి ఉన్నట్టే అని పెద్దల కాడ అరిచి చెప్పించింది ఎవరు?”

 సిద్దమ్మ రాయించిన రాజ్యాంగంతో ఆమెనే కొట్టాడు లాజరు. ఒక్కో బిందె నిండుతుంటే ఆమె వేళ్లు మడుస్తూ వెంట నడిచింది. తొంభై, తొంభై ఐదు, నూరు. నూటొకటో బిందె మెడ దాకా నిండేసరికి పైపు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. నూటరెండో బిందె అంచున ఒక్క చుక్క పడి, ఎండకు ఆరిపోయింది.

“అయిపోయినాయమ్మా” అని లాజరు తల దించుకున్నాడు.

ఇప్పుడు చూడండి కళ గొప్పతనం! ఊరి దాహమంతా ఒకవైపు, నూటొక్క నిండు బిందెలు ఒకవైపు. ఆ నీళ్లు వీళ్లకిచ్చేయండని యామినే అడిగింది. భూపేష్ గారు ఒప్పుకోలేదు. కళాఖండం నుంచి దేన్ని తీసినా ధ్వంసం కిందికే వస్తుందట. రిజిస్టర్‌లో ‘బిందెలు నూటొకటి, ఖాళీ’ అని రాసుందట. లెక్క తగ్గకూడదు, బిందె నిండకూడదు. కాబట్టి నీళ్లు పారబోసి కళను యథాస్థితికి తేవాలని తన మనుషులకు పురమాయించారు.

మొదటి బిందెను వంచారు. నీళ్లు తారు రోడ్డు మీద పారి, పొద్దుతిరుగుడు గుంతలోకి జారాయి. మూడు వందల మందిమి చూస్తూ నిలబడ్డాం. ఇంతవరకూ మీతో నవ్వుతూ మాట్లాడుతున్న నాకు అక్కడ మాత్రం నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

రెండో బిందె మీద చెయ్యి వేయబోతుండగా సిద్దమ్మ అడ్డం నిలబడింది. రెండు చంకల్లో రెండు ఖాళీ బిందెలు.

“సారూ, మీకు కావాల్సింది నూటొక్క బిందెలే గదా?”

“అవును.”

“ఉత్తవే గదా?”

“అవునమ్మా, ఖాళీవే.”

“ఇంగ పారబోసేదెందుకు సారూ? ఇదో, రెండు ఉత్త బిందెలు. ఈడ పెడతాండా.” తన బిందెలు రెండూ అక్కడ దించి, వాటి చోట ఉన్న నిండు నీలం బిందెలు రెండు పైకెత్తింది. “ఎంచుకోండి. లెక్క తప్పిందేమో చూడండి.”

భూపేష్ గారు లెక్కపెట్టించారు. నూటొకటి! రిజిస్టర్ చూశారు, మళ్లీ సిద్దమ్మను చూశారు. రంగు సంగతి రిజిస్టర్‌లో రాయడం మరిచిపోయారు. యామిని పక్కకు తిరిగి నవ్వు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది.

తర్వాత చెప్పేదేముంది? అరగంటలో నీలం బిందెలన్నీ ఇళ్లకు చేరాయి, వాటి స్థానంలో మా పాత బిందెలు నిలబడ్డాయి. పారబోసిన ఆ ఒక్కటి మాత్రం నీలంగానే ముందు మిగిలింది. కళ యథాస్థితికి వచ్చింది.

మర్నాడు గురమ్మ ఆటో దిగుతూనే “నీళ్లు ఉండాయా వదినా?” అనే అడిగిందట. సిద్దమ్మ రెండు కొత్త బిందెలు చూపించింది. నాగజ్యోతి తల నిండా నీళ్లు పోసుకుంది, చంటిదాన్ని కాళ్ల మీద వేసుకుని గురమ్మే నలుగు పెట్టింది. పోతూ పోతూ “బిందెలు శానా బాగుండాయే, యాడ కొన్నావు?” అని వేంపల్లెకు ఒకటి పట్టుకుపోయింది. చారు సంగతి ఈసారి ఎత్తలేదు.

కాబట్టి పాఠకులారా, నేను మళ్లీ చెబుతున్నాను, మాకు నీళ్లొద్దు, కళే కావాలి! ఎందుకంటారా? మా బిందెల వరసకు ఇప్పుడు కాపలాదారు ఉన్నాడు, సీసీ కెమెరా ఉంది, పైన టెంటు కూడా వేశారు. ఇన్నేళ్లుగా మేము వరసలో ఉన్నప్పుడు ఒక్క గొడుగు పట్టినవాడు లేడు. ఖాళీగా ఉన్నన్నాళ్లూ ప్రదర్శన కొనసాగుతుందని మండలి ప్రకటించింది. ఇప్పటికి పన్నెండు రోజులైంది, దిగ్విజయంగా సాగుతోంది. తర్వాత కడపకు తీసుకుపోతారట. ఆ శ్రమ ఎందుకండీ? కడపవాళ్ల దగ్గర బిందెలు లేవా?

మీరూ వచ్చి చూడండి, ప్రవేశం ఉచితం. ముందు నుంచి నాలుగోది, మూతి సొట్టపోయిన స్టీలు బిందె నాది. ఫొటో తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. దాన్ని మాత్రం జరపకండి. లాజరు వస్తే నింపాలి.