గుమ్మం బానలో చేను మందు

ఆ రోజు పొద్దున బదావీ వేసుకున్న ఏర్పాటు చిన్నదే. వ్యవసాయ కార్యాలయం ఇంజనీరమ్మ ఇబ్తిహాల్ ఇచ్చిన మేలుచేసే బాక్టీరియా నీళ్లను సాయంత్రందాకా చల్లగా ఉంచాలి. ఎండ వాలాక మొక్కజొన్న మొదళ్లు తడపాలి. చేలో ఒక మూల కాండాలు కుళ్లి, ముట్టుకుంటే ఒరిగిపోతున్నాయి. మిగతావైనా నిలబడకపోతే అతను లిబియాకు కూలికి వెళ్లాల్సిందే. వెళ్లినవాళ్లందరూ తిరిగి రారని అతని భార్య తహానీకి తెలుసు. ఆమె అన్న రాలేదు.

ఇంట్లో చల్లని చోటు ఒక్కటే: చనిపోయిన తండ్రి పేరిట బాటసారుల కోసం గుమ్మం నీడలో పెట్టిన మట్టిబాన. బదావీ అందులో నీళ్లు పారబోసి, మందు నింపి, ఆ సూక్ష్మజీవులకు మేతగా చెరకుపాకం కలిపాడు. పిచికారీ డబ్బా అరువు తేవడానికి పక్క ఊరు వెళ్లాడు.

మసీదు నుంచి వస్తున్న హాజీ ముతవల్లీ అలవాటు ప్రకారం, ఎవరినీ అడక్కుండానే ముంచుకు తాగాడు. పోయినవాడి ఆత్మశాంతికి ఫాతిహా ప్రార్థన చదివాడు. మళ్లీ ముంచాడు.

తహానీ గుమ్మంలో కొయ్యబారిపోయింది. మామగారి పేరిట పెట్టిన నీళ్లు తాగేవాణ్ణి ఆపడమంటే, ఆయనకు దక్కాల్సిన పుణ్యాన్ని లాక్కోవడమే.

"ఏంటమ్మా సాబిర్ తల్లీ, ఇంత తియ్యగా ఉంది?" అన్నాడు హాజీ, ఆమెను కొడుకు పేరుతో పిలుస్తూ.

"అది... మందు, హాజీగారూ. కాండం కుళ్లుకి."

"నా కడుపులో ఉన్నదీ కుళ్లేగా! మీ మామగారికి దేవుడు స్వర్గమివ్వాలి!"

మధ్యాహ్నం నమాజయ్యేసరికి, హాజీ నోట ఆ మందు మాట విని ఆడవాళ్లు కూజాలతో దిగారు.

"మా అత్తకి కీళ్లనొప్పులు. ఒక్క కూజా పట్టుకెళ్తానమ్మా."

"నోరు మూతపడే మందు అడగవే, మీ అత్తకి అదే పనికొస్తుంది!"

"అయ్యో, అది చేనుకమ్మా!" అంది తహానీ.

"చేనుకే ఇంత మంచిదైతే మనిషికెంత మంచిదో!"

ముంచిన ప్రతివాళ్లూ కళ్లు మూసుకుని ఫాతిహా చదువుతుంటే మధ్యలో అడ్డుపడే ధైర్యం ఆమెకు లేకపోయింది. ఏడుపొచ్చింది. మామగారు గుర్తొచ్చారనుకుని వాళ్లూ ఏడ్చారు.

బదావీ తిరిగొచ్చేసరికి బాన అడుగు కనిపిస్తోంది.

"బాక్టీరియాని తాగేశారా!" అని అతను పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది.

హాజీ ముతవల్లీ ఇక చావు తప్పదని మక్కా వైపు తిరిగి పడుకుని, తమ్ముణ్ణి పిలిపించి పాత పగ మాఫీ చేశాడు. ప్రాణం ఎంతకీ పోకపోవడంతో ఆ మాఫీని వెనక్కి తీసుకున్నాడు. ఆడవాళ్లు మాత్రం కూజాలతో తిరిగొచ్చారు.

"మా పిల్లల్ని చంపుదామనుకున్నావా? నీ విషం నీ చేలోనే పోసుకో!"

చేలోకి నడిచి తామే పోశారు. అది చాలక, కూజాలను కాలవ నీళ్లతో తొలిచి తొలిచి ఆ నీళ్లనూ అక్కడే, తిట్టుకొక సాలు చొప్పున, కుమ్మరించారు. అప్పటికి ఎండ వాలింది.

"లిబియా వెళ్తావా?" అంది తహానీ, వాళ్లంతా వెళ్లాక.

"ఇంకేం మిగిలిందే ఇక్కడ?"

ఊళ్లో తాగే నీళ్లలో విషం కలిసిందని విని పరుగున వచ్చింది ఇబ్తిహాల్. సాలులో కూర్చుని తడిమట్టిని వేళ్లతో నలిపి చూసింది.

"భయపడకండి, ఇవి మనుషుల్ని చంపేవి కావు. మొదళ్లకి ఇంత చక్కగా ఎవరు పోశారు?"

"ఊరంతా," అన్నాడు బదావీ.

"కుళ్లినవి ఎలాగూ బాగవవు, పీకి కాల్చెయ్యండి. మిగతావి నిలుస్తాయి."

నిలిచాయి. బదావీ లిబియా వెళ్లలేదు. అతని చేనును కాపాడిన ఊరు మాత్రం కోతలదాకా అతని సలాముకు బదులివ్వలేదు.