హౌరా వెళ్ళొచ్చిన వైరస్ ముక్కలు

కరెంటు కోతను తిట్టేవాళ్ళు సైన్సుకు శత్రువులు! హార్బర్ దగ్గర వన్ టౌన్‌లో రొయ్యల టోకు వ్యాపారం చేసేవాణ్ణి, ఈ మాట ఊరికే అనను.

మా అక్క కూతురు భ్రమరాంబ యూనివర్సిటీలో రీసెర్చి చేస్తోంది. పెదవి మీద పొక్కులు లేపే హెర్పిస్ వైరస్ ఉంది చూశారూ, దాని డీఎన్ఏను ముక్కలు కోసి, ఒక్కో ముక్కనూ బాక్టీరియాలో పెట్టి పెంచుతుంది. ఏ ముక్క పక్కన ఏది వస్తుందో తేల్చి మ్యాప్ గీస్తుంది. విడి ముక్కలతో ఎవరికీ జబ్బు రాదు. చల్లదనం తప్పితే మాత్రం నాలుగేళ్ళ శ్రమ నీళ్ళపాలు.

మొన్న వేసవిలో కోత పెరిగి ల్యాబు ఫ్రీజరు కారడం మొదలుపెట్టింది. జెనరేటర్ లేదా అంటారా? భేషుగ్గా ఉంది, మీటింగు హాల్లో మైకు కోసం!

పిల్ల ఆ ముక్కలన్నీ థర్మాకోల్ డబ్బాలో సర్దుకుని, ఆటోలో నా ఐసు గదికి తెచ్చింది. కోతే లేకపోతే మేనమామ గుర్తొచ్చేవాడా? ఇరవై నాలుగు గంటలూ కరెంటుండే దేశాల్లో సైంటిస్టులకు ఆటో బేరం చేతనవుతుందా?

మర్నాడు చూస్తే డబ్బా లేదు. మా కలాసీ ఎల్లాజీ దాన్ని రొయ్యలతో పాటు హౌరా బండెక్కించేశాడు.

“ఏటి సేసినావురా?”

“నానేటి సేసినాను బాబూ? తర్మాకోల్ డబ్బాలో సేపలూ రొయ్యలూ కాక ఇంకేటుంటాయి?”

హార్బర్లో ఎవర్నడిగినా అదే అంటారు. భ్రమరాంబ ఐసు దిమ్మ మీద కూలబడిపోయింది.

“ఒక్క ముక్క పోయినా మ్యాప్ అతకదు మావయ్యా! మళ్ళీ మొదట్నుంచీ సెయ్యాలా?”

హౌరా వ్యాపారికి ఎస్టీడీ కలిపాను. డబ్బా విప్పి చూసుకుని అప్పటికే మండిపడుతున్నాడు, రొయ్యలని చెప్పి కంటికి కనబడని సరుకు పంపుతావా అని! బతిమాలితే తిప్పి పంపాడు. చేపల మనిషి కదా, అలవాటు కొద్దీ కొత్త ఐసు కొట్టించి, చల్లదనం ఇంకా పెరగాలని ఉప్పు చల్లి మరీ పంపాడు.

ల్యాబులో పరీక్షిస్తే ఒక్క ముక్కా చావలేదు! యూనివర్సిటీలో ఒక మధ్యాహ్నం గడవడమే కష్టమైన సరుకు, రొయ్యల పక్కన కలకత్తా దాకా పోయి దర్జాగా తిరిగొచ్చింది.

ఎలాగని ఆలోచించాను. రొయ్య చెడిందంటే కొన్నవాడు ఫోన్లో నా ఏడు తరాలనూ వదలడు. ఆ భయానికే నేను జెనరేటర్ పెట్టుకున్నాను, ఆ భయానికే ఎల్లాజీ పూటపూటా ఐసు మారుస్తాడు. భ్రమరాంబ చదువు చెడితే యూనివర్సిటీకి ఫోన్ చేసి తిట్టే దిక్కెవరు?

అందుకే వాళ్ళ నంబరు కనుక్కున్నాను. రొయ్యల వ్యాపారిని, తిట్లకు నా దగ్గర కొరత లేదు.