మందు రాయని డాక్టరమ్మ

పాలమూరులో బస్సు దిగినప్పటి నుంచీ గ్లోరీ ఒకే మాటను నోట్లో నానబెడుతోంది. పొద్దున చాయ్ తాగేటప్పుడు బాపుకు చెప్పేయాలి. చెప్పేసింది.

"బాపూ, ల్యాబ్ ఇడిసిపెట్టిన. నా పరిశోధన సదివేటోళ్లంత ఒక్క ఆటోల పడ్తరు. ఇగ మనోళ్లకు సమజయ్యేటట్టు ఆరోగ్యం గురించి రాస్త."

బిడ్డ పీహెచ్‌డీ చేసిన డాక్టరని, సైంటిస్టని కాలనీ అంతటికీ చెప్పుకున్న వీరేశం కప్పు కింద పెట్టి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తల్లి జానమ్మ పెరట్లోకి పోయి కళ్లు తుడుచుకుంటుంటే పక్కింటి బిక్షమ్మ గోడ మీంచి తొంగిచూసింది.

"ఏమైందే?"

"మా గ్లోరీ ల్యాబ్ మానేసిందట. ఇగ రాస్తదట."

"డాక్టర్ సదువైనంక మందులు రాయదా మరి!"

కాదని చెప్పే ఓపిక జానమ్మకు లేకపోయింది.

చాయ్ చల్లారేలోపే వాకిట్లో చెప్పులు పోగయ్యాయి. ఒకరు మోకాలి ఎక్స్‌రే తెచ్చారు. ఇంకొకరు ఫీజు కింద జామకాయలు తెచ్చారు.

"నేను గా డాక్టర్‌ను కాదు పెద్దమ్మా! నేను సదివింది ఎలుకల మీద!" అని గ్లోరీ మొత్తుకుంది.

ఆ మాట వీధి చివరికి చేరేసరికి ఆమె పశువుల డాక్టరైంది. ఎల్లస్వామి కుంటుతున్న మేకను ఎత్తుకొచ్చి అరుగు మీద నిలబెట్టాడు. మేక జామకాయల పని పట్టింది.

గ్లోరీకి ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు బిక్షమ్మ కొంగుముడి విప్పి గోలీల పట్టీ తీసింది. "షుగర్ తగ్గిందన్నరు బిడ్డా. గందుకే గోలీలు బంద్ చేసిన. గిప్పుడు కండ్లు తిరుగుతున్నయి."

గ్లోరీ ఆమె పక్కనే కూలబడింది. "గోలీ ఏసుకున్నవు కాబట్టే తగ్గింది పెద్దమ్మా. చిల్లికుండకు చెయ్యి అడ్డం పెట్టినంతసేపే నీళ్లు ఆగుతయి. కారుత లేవని చెయ్యి తీస్తే?"

"మళ్ల కారుతయి."

"గంతే. మందు నేను చెప్పరాదు. ఇయ్యాల్నే దవాఖానకు పో."

"గిట్ల ఎవ్వలు చెప్పలే," అంది బిక్షమ్మ మెల్లగా.

గోడవైపు తిరిగిన వీరేశం కదిలాడు. కుర్చీ లాక్కుని బిడ్డ ఎదుట కూర్చున్నాడు.

"నేను గూడ బీపీ గోలీలు బంద్ చేసిన," అని గొణిగాడు.

గ్లోరీ ముందుకు వంగింది. "ఎప్పటిసంది బాపూ?"

"నార్మల్ అన్నప్పటిసంది."

ఆమె తండ్రి చేతిని గట్టిగా పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు.

"గిదేనా నువ్వు రాసేది?"

"గిదే బాపూ."

"రాయి. ఇన్నేండ్లు ఎలుకలను అర్సుకున్నవు, ఇగ మమ్ముల అర్సుకో."

మరునాడు దవాఖాన వరుసలో ఏం జబ్బని అడిగిన ప్రతివాడికీ వీరేశం, తన బిడ్డ ఉద్యోగం మారిందని జవాబిచ్చాడు.