తల పగిలినా సహజ మరణమే!

పరదేశంలో మనవాళ్లను ఎవరూ చంపరు. ఈ సంగతి ముందు గట్టిగా నమ్మండి!

గల్ఫ్‌కు పోయిన మనిషి కట్టడం మీది నుంచి పడవచ్చు, ఎండకు సోలిపోవచ్చు, పడుకున్నచోటు నుంచి లేవకపోవచ్చు. అన్నింటికీ కలిపి కాగితం మీద ఒకే మాట ఉంటుంది: సహజ మరణం. ఎంత చల్లని మాట! హత్య అన్నారనుకోండి, పోలీసులు రావాలి, సాక్షులు రావాలి, కోర్టులు వాయిదాలు వేయాలి. సహజ మరణానికైతే ఒక పెట్టె, ఒక సంతకం చాలు. ఎవరికీ పరేషాన్ లేదు. పోయినవాడికి అసలే లేదు!

ఇంత మంచి ఏర్పాటును మెచ్చుకోలేని మనుషులు ఇంకా ఉన్నారంటే నమ్ముతారా? హుస్నాబాద్ దగ్గరి పల్లెలో బడిపిల్లలకు మధ్యాహ్నం వంట చేసే శంకరవ్వ అలాంటి మనిషే. యాభై దాటింది, చదువు రాదు. తల్లి పోయిన ఇంట్లో తమ్ముడు లక్ష్మణ్‌ను చంకనేసుకుని పెంచింది. పెళ్లాం జ్వరంతో పోయాక లక్ష్మణ్ తన బిడ్డ దీపికను కూడా అక్క చేతుల్లోనే పెట్టి గల్ఫ్ విమానం ఎక్కాడు. అక్కడ తొమ్మిదేళ్లుగా కట్టడాలకు ఇనుప పైపులు బిగించే పని చేస్తున్నాడు.

మే నెలలో కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. గుండెపోటన్నారు. ఇరవై మూడో రోజున పెట్టె వచ్చింది. పాడె సిద్ధంగా ఉంది, డప్పులవాళ్లు వచ్చేశారు, ఎండ మండిపోతోంది. అంతా పద్ధతిగానే జరుగుతోంది.

"పెట్టె తెర్వద్దు చెల్లె. ఇన్ని రోజులాయె, సూడలేవు" అన్నాడు కులపెద్ద హనుమండ్లు.

"పుట్టినప్పుడు మొదటి నీళ్లు నేనే పోసిన అన్నా. ఆఖరి నీళ్లు గూడ నన్నే పొయ్యనియ్యి" అంది శంకరవ్వ.

కాదనలేక తెరిచారు. ఆమె నీళ్లు పోసి జుట్టు కడుగుతూ, కుడి చెవి వెనక చెయ్యి ఆపింది. అక్కడ ఎముక లోపలికి పోయి ఉంది. నాలుగు వేళ్లు పట్టేంత గుంత. ఆమె ఏడవలేదు. ఇంకోసారి తడిమి చూసి లేచి నిలబడింది.

"గుండె నెత్తిల ఉంటదా అన్నా?" అని అడిగింది.

హనుమండ్లు పాడె దగ్గరికి తెమ్మని సైగ చేశాడు.

"నా తమ్ముని నెత్తి ఎట్ల పలిగిందో తేలెదాక పాడె లేవదు" అని ఆమె వాకిట్లో అడ్డంగా కూర్చుంది. మర్యాద తెలియని తనమంటే ఇదీ! ఊరంతా ఎండలో నిలబడి ఉంటే, ఒక్క తలకాయ కోసం ఇంత మొండితనమా? చివరికి పోలీసులు వచ్చారు. శవాన్ని సర్కారు దవాఖానాకు పంపించారు. డాక్టర్ చూసి, గట్టి వస్తువుతో వెనక నుంచి కొట్టడం వల్ల పుర్రె పగిలిందని రాసిచ్చాడు. ఆ కాగితం చేతికొచ్చాకే శంకరవ్వ తమ్ముణ్ని సాగనంపింది.

అక్కడితో ఆగిందా? లేదు! దీపికను వెంటబెట్టుకుని బస్సెక్కి పెద్దాఫీసుకు పోయింది. విదేశాల్లో పోయినవాళ్ల ఫైళ్లు చూసే ఆఫీసర్ శ్యాంసుందర్‌రావు ఎంతో మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఓపికగా చదివాడు.

"అమ్మా, వాళ్లు గుండె ఆగిందని రాశారు. మనవాళ్లు తల పగిలిందని రాశారు. రెండూ నిజమే. తల పగిలితే గుండె ఆగుతుందా, లేదా?"

"ఆగుతది సారూ."

"గుండె ఆగితే చనిపోవడం సహజమే కదా?"

శంకరవ్వ కుర్చీలో ముందుకు జరిగింది. "కోడిని కోసినా గుండె ఆగే సస్తది సారూ. గది గూడ సహజమేనా?"

కోళ్ల విషయంలో తమకు మార్గదర్శకాలేవీ లేవని శ్యాంసుందర్‌రావు చెప్పాడు. అయినా దరఖాస్తు తీసుకున్నాడు. ఆ కాగితం హైదరాబాద్ పోయింది, ఢిల్లీ పోయింది, సముద్రం దాటి కంపెనీ దాకా పోయింది. తమ రికార్డుల ప్రకారం సహజ మరణమేనని కంపెనీ జవాబిచ్చింది. మళ్లీ పంపితే మళ్లీ అదే జవాబు. లక్ష్మణ్ తొమ్మిదేళ్లలో ఇంటికి మూడుసార్లే రాగలిగాడు. అతని ఫైలు మాత్రం వీసా లేకుండా ఏడాదిలోనే రెండుసార్లు పోయి వచ్చింది. ఇంకేం సేవ చేయాలండీ?

మూడోసారి పోవాలంటే కళ్లారా చూసిన సాక్షి కావాలన్నారు.

లక్ష్మణ్‌తో ఒకే గదిలో ఉంటూ ఒకే చోట పనిచేసిన ముత్తయ్య అప్పుడే సెలవు మీద వచ్చాడు. పక్క ఊరే. శంకరవ్వ పొద్దున్నే వాళ్లింటికి పోయింది. ముత్తయ్య లోపలి నుంచి రాలేదు. అతని భార్య రమ చాయ్ పెట్టింది. చాయ్ చల్లారింది. మధ్యాహ్నానికి గానీ అతను బయటికి రాలేదు.

"వచ్చే నెల మళ్ల పోవాలె అక్కా. నోరు తెరిస్తె వీసా పోతది."

"పో బిడ్డా, వద్దన్ననా? కానీ ఆడ నీ నెత్తి పలిగితె, గీ రమ ఎవలింటికి పోయి కూసోవాలె?"

రమ గిన్నె కింద పెట్టి మొగుడి వంక చూసింది. ముత్తయ్య గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"ముసలాయన ఒకాయన ఎండకు పడిపోయిండు అక్కా. లక్ష్మణ్ పని ఇడిసి నీళ్లు తాపిండు. పనెందుకు ఆపినవని ఫోర్‌మన్ వచ్చి తిట్టిండు. 'మనిషి సస్తుండు, జర ఆగు' అన్నడు లక్ష్మణ్. గంతే అన్నడు. గట్ల ముసలాయన దిక్కు మళ్లెలోపల, ఫోర్‌మన్ పైపు తీస్కొని ఎన్కనుంచి కొట్టిండు." అతను తన కుడి చెవి వెనక చెయ్యి పెట్టి చూపించాడు. "తెల్లారి మమ్ముల లైన్ల నిలవెట్టి కాగితం మీద సంతకాలు తీసుకున్నరు. గుండెపోటని ఉన్నదట. నేను గూడ పెట్టిన అక్కా."

శంకరవ్వ, "ముసలాయన బతికిండా?" అని అడిగింది.

"బతికిండు."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. అప్పుడు ఏడ్చింది, ఏడాది తర్వాత మొదటిసారి.

మరునాడు ముత్తయ్య ఆమెతోపాటు పెద్దాఫీసుకు వచ్చి అంతా చెప్పాడు. శ్యాంసుందర్‌రావు చాలా సంతోషించి, ఇదే వాంగ్మూలం ఆ దేశం పోయి ఇస్తే బాగుంటుందన్నాడు. పోవాలంటే వీసా కావాలి. వీసా కంపెనీయే ఇవ్వాలి. కొట్టినవాడు ఆ కంపెనీ ఫోర్‌మనే. ఎంత పకడ్బందీ పద్ధతి చూడండి! సరే, రాతపూర్వకంగానే పంపించారు. వారానికే ముత్తయ్య వీసా రద్దయింది. ఇప్పుడతను హుస్నాబాద్ మార్కెట్‌లో బస్తాలు మోస్తున్నాడు.

నాలుగు నెలలకు కొత్త కాగితం వచ్చింది. శ్యాంసుందర్‌రావు స్వయంగా ఫోన్ చేసి పిలిచాడు. "అభినందనలమ్మా! సహజ మరణం అన్న మాట కొట్టేశారు" అన్నాడు.

"మరేం రాసిండ్రు సారూ?"

దీపిక కాగితం అందుకుని చదివింది. "మరణ కారణం: తెలియదు అని ఉన్నదత్తా."

"మాకు ఎరికే గద సారూ! తెల్వనోల్లు మమ్ముల అడగాలె గద? కొట్టినోని పేరు గూడ ముత్తయ్య రాసిచ్చిండు."

ఇంతటి విజయం ఈ సెక్షన్‌లో ఇంతకుముందెవరికీ దక్కలేదని ఆఫీసర్ నచ్చజెప్పాడు. దరఖాస్తుదారు సంతృప్తి చెందారని సంతకం పెడితే ఫైలు మూసేస్తానన్నాడు. శంకరవ్వ పెట్టలేదు. ఆ పేరు రాసేదాకా వస్తూనే ఉంటానని చెప్పి బస్సుకు పోయింది.

ఆమె మొండితనం వల్ల జరిగిన నష్టం చూడండి! మాట ఊరూరా పాకింది. ఆ వచ్చే సోమవారం పొద్దున శ్యాంసుందర్‌రావు ఆఫీసు వరండాలో పదకొండు మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. నిర్మల్ నుంచి ఇద్దరు, ఉట్నూర్ దిక్కు నుంచి ఒకామె, మిగతావాళ్లు చుట్టుపక్కల పల్లెల నుంచి. అందరి చేతుల్లోనూ సహజ మరణం కాగితాలే.

ముందు నిర్మల్ దిక్కు యాదవ్వ లోపలికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఆయనది గూడ గుండెనే అన్నరు సారూ. సూడొద్దన్నరు, నేను సూడలే. గట్లనే కాలవెట్టినం" అంది. "ఇప్పుడు నాకెట్ల తెలుస్తది?"

శ్యాంసుందర్‌రావు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె నిలబడే ఉంది.