తగరపు చుక్క

1986 వేసవి. ఆ రోజు పొద్దున్నే ముప్పాళ్ళ వెళ్ళి, పెళ్ళివారి వంట డేగిసాలకు కళాయి వేసి రావాలని జిలానీ అనుకున్నాడు. నరసరావుపేటలో ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూసి కళాయి వేసేవాళ్ళలో మిగిలింది అతనొక్కడే. కొలిమి తిత్తి భుజాన వేసుకుంటుండగా, కాలేజీ ఫిజిక్సు లెక్చరర్ కృపానందం గుమ్మం ముందు సైకిలు దిగాడు.

"జిలానీ భాయ్, కాస్త తగరం కరిగించి పెట్టాలయ్యా. హైదరాబాదు నుంచి లేజర్ మిషను వచ్చింది. కరిగిన చుక్క మీద వెలుతురు కొడితే, రెప్పపాటులో పలచగా పరుచుకుంటదంట!"

తగరం పలచగా పరుచుకోవడమంటే జిలానీకి తెలిసింది ఒక్కటే, కళాయి. ముప్పాళ్ళ ప్రయాణం మానుకుని, అదే తిత్తితో కాలేజీకి వస్తానన్నాడు.

"మన పని అయిపోయిందే! వెలుతురుతో కళాయి వేసే మిషనంట" అన్నాడు భార్య హలీమాతో. హలీమా పక్కింటి ఆదెమ్మకు చెప్పుకుని ఏడ్చింది. ఆదెమ్మ ఏడవలేదు. బిందె చంకన పెట్టుకుని, ఇంటింటికీ చెప్పుకుంటూ కాలేజీకి బయల్దేరింది. పది గంటలకల్లా కాలేజీ వరండాలో యాభైమంది ఆడవాళ్ళు, నూట ఇరవై గిన్నెలు. జిలానీ ఇంట్లో ఇచ్చిన గిన్నెలు కూడా వెనక్కి తెచ్చుకున్నారు.

"ఇది పరిశోధనమ్మా!" అని కృపానందం మొత్తుకున్నాడు.

"అదేదో మా బిందెక్కూడా చెయ్యి సారూ, ఏం పోద్ది?" అంది ఆదెమ్మ.

లోపల జిలానీ తగరం మాత్రం శుభ్రంగానే కరిగించాడు. మిషనుతో వచ్చిన హైదరాబాదు శాస్త్రవేత్త బ్రహ్మానందం అందరికీ నల్లకళ్ళద్దాలిచ్చాడు. సన్నటి గొట్టంలోంచి చుక్క జారింది. ఫట్‌మని మెరిసింది. అప్పటికప్పుడే ఫోటో ఇచ్చే కెమెరాలోంచి కాగితం బయటికొచ్చింది.

గుండ్రటి చుక్క అప్పడంలా విచ్చుకుంది. అంచు చుట్టూ కంటికి ఆనని తుంపరలు. జిలానీ తన బతుకుదెరువు సంగతే మరిచిపోయాడు.

"యా అల్లా! పూసే దూది తగల్లా, చెయ్యి తగల్లా! నలభై ఏళ్ళు తగరంతోనే ఉన్నా, దీంట్లో ఇంత అందం దాగుందని నాకు తెలవలేదే!" అతని కళ్ళు చెమర్చాయి. "ఇంకొక్కటి సార్!"

అలా అతనడుగుతూనే ఉన్నాడు, బ్రహ్మానందం మురిసిపోయి కొడుతూనే ఉన్నాడు. నలభయ్యో చుక్క మాత్రం చెక్కుచెదరకుండా కిందపడింది. బ్రహ్మానందం కంగారుగా వెలుతురు బయటికొచ్చే లెన్సు ఊడదీశాడు. చెదిరిన తుంపరంతా దాని మీదే పేరుకుంది.

జిలానీ దాన్ని వెలుతురుకెత్తి చూశాడు. "కళాయి చానా బాగా పడింది సార్."

కిటికీలోంచి ఆదెమ్మ అంతా చూసింది. "మిషను తన మొహానికే వేసుకుంది, మన గిన్నె ముట్టలా. జిలానీ అన్నా, బయటికి రా!"

వరండా మెట్ల కిందే కొలిమి అంటుకుంది. ఆడవాళ్ళంతా వరుస కట్టారు. అందరికన్నా వెనక, తగరం వదిలించుకుందామని లెన్సు రుమాల్లో పెట్టుకుని బ్రహ్మానందం నిలబడ్డాడు.