అర మిల్లీమీటరు చొప్పున

ఆ ఆదివారం ఉదయం కొలతలాయన పథకం చాలా చిన్నది. నాలుగు పలకలు, ఒక యంత్రం, సాయంత్రానికి ఒక బల్ల.

కొలతలాయన అన్నది వీధివాళ్లు పెట్టిన పేరు. సర్వే కార్యాలయంలో పటాలు గీసే ఉద్యోగం ఆయనది. ముప్పై ఏళ్లుగా కొండల ఎత్తుల్ని సన్నని వంపు గీతలుగా కాగితం మీదికి దించి దించి ఆయన కంటికే స్కేలు మొలిచిందని ఇంట్లో చెప్పుకునేవారు. గోడ మీది కేలెండరు వెంట్రుకవాసి వాలినా ఆయనకు ముద్ద దిగదు. అటువంటి మనిషికి సొంతంగా గీసుకోవడానికి ఒక బల్ల లేదు. వెనక గది ఉంది, దానికో కిటికీ ఉంది, కిటికీలోంచి మధ్యాహ్నం దాకా మెత్తని వెలుతురు వస్తుంది. ఆ వెలుతురులో కూర్చుని, ఏ కార్యాలయమూ అడగని, భూమ్మీద ఎక్కడా లేని దేశాల పటాలు గీసుకోవాలన్నది ఆయన ఇరవయ్యేళ్ల కోరిక.

ఈలోగా ఆ గది మీద మరొకరి కన్ను పడింది. భార్య తమ్ముణ్ణి డాక్టరు రోజూ నడవమన్నాడు. అతను నడవడానికి బదులు ట్రెడ్‌మిల్ కొన్నాడు. కొన్నాక అది తన ఇంట్లో పట్టదని తెలిసింది. కొలతలాయన భార్య ఇరుపక్షాల వాదనలూ విని తీర్పు చెప్పింది.

"ఆదివారం పొద్దుగూకేలోగా ఆ గదిలో బల్ల కనబడితే గది మీది. కనబడకపోతే మావాడి యంత్రం వచ్చి కూర్చుంటుంది. ఇరవై ఏళ్లుగా ఖాళీ గది ఊడుస్తున్నాను, ఇంక నావల్ల కాదు."

పలకల్ని ఒకే మందానికి చిత్రిక పట్టే యంత్రాన్ని వీధి చివరి వడ్రంగి ఎరువిచ్చాడు. ఎక్కడికైనా సులువుగా తీసుకుపోవచ్చని దాని మీద ముద్రించి ఉంది. ఆ సులువును ఇద్దరు మనుషులు నాలుగు చోట్ల దించుకుంటూ, రొప్పుకుంటూ వరండా చేర్చారు. పోతూ పోతూ వడ్రంగి ఒక్క మాట చెప్పాడు: "చెక్కని కొంచెం నమ్మండి, యంత్రాన్ని తక్కువ నమ్మండి, మిమ్మల్ని మీరు అసలే నమ్మకండి."

ఆ సలహా కొలతలాయనకు అవసరం లేదనే చెప్పాలి. యంత్రంతోపాటు వచ్చిన పుస్తకాన్ని ఆయన అప్పటికే మూడుసార్లు చదివి, ముఖ్యమైన వాక్యాల కింద ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకున్నారు. వదులు బట్టలు కూడదు కనుక పాతికేళ్ల నాటి ప్యాంటులోకి ఊపిరి బిగబట్టి దూరారు. చేతి గడియారం, ఉంగరం తీసి బీరువాలో పెట్టారు. పలకల మీద అయస్కాంతం తిప్పి మేకులేవీ లేవని తేల్చుకున్నారు. ముక్కుకు గుడ్డ, కళ్లకు పెద్ద అద్దాలు, రొద వినబడకుండా చెవులకు డిప్పలు తొడిగి, పలక వెనక్కి తన్నితే తగలకుండా యంత్రానికి ఓ పక్కగా నిలబడ్డారు. ఒక్కసారికి అర మిల్లీమీటరుకు మించి కోయకూడదని, పలక లోపల ఉన్నంతసేపూ దాని మీదినుంచి చూపు తిప్పకూడదని ఒట్టు పెట్టుకుని మీట నొక్కారు.

చెవి డిప్పల లోపల ప్రపంచం నీళ్లలో మునిగిపోయింది. వీధంతా అదిరే రొద ఆయనకు ఎక్కడో దూరాన, మరెవరి కలలోనో పారే ఏరులా వినిపించింది. పలక ఒక వైపునుంచి తనంతట తానే పాకుతూ లోపలికి పోయింది. రెండో వైపునుంచి ఒళ్లు తోముకుని వచ్చినట్టు బయటికి వచ్చింది. లేత బంగారు రంగు పొట్టు సుళ్లు తిరుగుతూ గాలిలోకి లేచి, తొందరేమీ లేనట్టు మెల్లగా ఆయన భుజాల మీద వాలింది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి పంతులమ్మ మెట్లెక్కి వచ్చి ఏదో అడిగింది. పలక లోపలుంది. చూపు తిప్పకూడదు, డిప్పలు తీయకూడదు. మర్యాదగల మనిషి కనుక కొలతలాయన తల నిలువుగా ఊపారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఆయన మితభాషి. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ ఇంట్లో ఆయన తల ఊపడం మాత్రం రిజిస్టరైన దస్తావేజు. పెళ్లిచూపుల నాటినుంచీ పెద్ద నిర్ణయాలన్నీ తల ఊపుతోనే జరిగిపోయాయి. వీధివాళ్లకూ ఆ సంగతి తెలుసు.

పదకొండింటికి యంత్రం ఆపి డిప్పలు తీసేసరికి వరండా మెట్ల మీద కూరగాయలు తరిగే చెక్కలు వరసగా ఎనిమిది ఉన్నాయి. పక్కన పంతులమ్మ, తక్కిన ఏడు చెక్కల తాలూకు ఇల్లాళ్ల తరఫున కూడా తానే నిలబడి ఉంది. కొలతలాయన ఎర్ర గీత గీసిన పేజీ తెరిచి చూపించారు. అడుగు కంటే పొట్టి చెక్కను రోలర్లు పట్టుకోలేవని, అది లోపలే తిరగబడి మొహాన కొడుతుందని ఓపికగా వివరించారు.

"అవన్నీ అప్పుడే ఆలోచించాల్సింది," అంది పంతులమ్మ. "తల ఊపాక పుస్తకం తీస్తే ఎలా, అన్నయ్యగారూ?"

ఇచ్చిన మాట ఇచ్చినట్టే. ఆయన ఉప్పుకాగితం తెచ్చి ఎనిమిది చెక్కల్నీ చేత్తోనే నున్నగా రుద్ది ఇచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. భుజాలు పీకుతూ లేచి, ఇక ఈ రోజు ఎవరేమడిగినా తల అడ్డంగానే ఊపాలని నిశ్చయించుకున్నారు.

మళ్లీ డిప్పలు, మళ్లీ ఏరు. పలకలు అనుకున్న ఇరవై రెండు మిల్లీమీటర్లకు చక్కగా దిగాయి. ఆయన ముక్కాలిపీట లాక్కుని కూర్చుంటే అక్కడితో కథ అయిపోయేది. కానీ వేలితో తడిమి చూసుకున్నారు. ప్రతి పలకకూ రెండు కొసల్లోనూ, రెండేసి అంగుళాల మేర, సన్నని పల్లం. మరొకరికైతే తెలియను కూడా తెలియదు. ఆయన వేలికి అది లోయలా తగిలింది. పల్లం పోవడానికి ఇంకో అర మిల్లీమీటరు దించారు. పాత పల్లం పోయి సరిగ్గా అంతే లోతున కొత్త పల్లం వచ్చింది. మరో అర. అది పోయింది, దాని తోబుట్టువు వచ్చింది.

పల్లం ఒక్కటే అయితే ఆయన ఎప్పుడో అలిసిపోయేవారు. అసలు చిక్కు పలకల లోపల ఉంది. చెక్కలోని వలయాలు అచ్చం తాను గీసే ఎత్తు గీతల్లా ఉన్నాయి. ముడి ఉన్న చోట ఒక కొండ, దాన్ని చుట్టి దగ్గర దగ్గరగా గీతలు, అవతల విశాలమైన మైదానం. అర మిల్లీమీటరు దించితే కొండ శిఖరం కాస్త అరిగి, దాని ఒళ్లో చిన్న సరస్సు తేలింది. ఇంకో అర దించితే సరస్సు సాగి నది అయింది. ఒక్కో పొర కింద ఒక్కో దేశం, ఎవరూ అడుగు పెట్టనిది, ఎవరూ కొలవనిది. ఆ నది ఎక్కడికి పోతుందో చూడకుండా యంత్రం ఆపడం ఆయనకు చేతకాలేదు. పొట్టు చీలమండలు దాటి మోకాళ్లకు వచ్చింది. ఎండ అందులోంచి పొగమంచులా లేస్తోంది.

ఆ పొగమంచులో ఎప్పుడో భార్య వచ్చి పక్కన నిలబడింది. ఆయన మొహంకేసి చాలాసేపు చూసి, ఎన్నడూ లేనంత మెత్తగా ఏదో అడిగింది. పలక నడి నదిలో ఉంది. కొలతలాయన పొద్దుటి గుణపాఠం గుర్తుంచుకుని తల అడ్డంగా ఊపారు. ఆవిడ మళ్లీ అడిగింది. ఈసారి మరింత గట్టిగా ఊపారు. ఆవిడ విస్తుపోయి లోపలికి వెళ్లింది.

నాలుగున్నరకు యంత్రం కిందికి దిగనని మొరాయించింది. ఆరు మిల్లీమీటర్ల కంటే పల్చగా కోయకుండా దానికో అడ్డు ఉంది. కొలతలాయన కల చెదిరినట్టు డిప్పలు తీశారు. వీధిలో వ్యాను ఆగి ఉంది. ఇద్దరు కూలీలు ట్రెడ్‌మిల్‌ను వెనక గదిలోకి చేరుస్తున్నారు. బావమరిది వాళ్లకు దారి చూపిస్తున్నాడు.

"ఏమిటిది? పొద్దు ఇంకా గూకలేదుగా," అన్నారు కొలతలాయన.

"నన్నంటారేం?" అంది భార్య. "పొద్దుటినుంచీ ఇంత కష్టపడుతున్నారు, పోనీ పాపం, మావాణ్ణి తేవద్దని చెప్పేస్తాను, గది మీరే ఉంచుకోండి, సరేనా అని అడిగాను. వద్దన్నారు. రెండోసారి అడిగితే మెడ విరిగిపోయేలా వద్దన్నారు. ఈ మనిషికి నా తమ్ముడంటే ఇంత ప్రేముందని నాకేం తెలుసు? వెంటనే బయల్దేరమని ఫోన్ చేశాను."

కొలతలాయన పొట్టులో కూలబడ్డారు. వేలికి వేస్తే కాలికి, కాలికి వేస్తే వేలికి అన్నట్టుంది ఆయన మెడ పరిస్థితి. యంత్రం కోసం వచ్చిన వడ్రంగి పలకను చేతిలోకి తీసుకుని వంచి చూశాడు. అది విల్లులా వంగింది.

"బల్ల చేస్తానన్నారు, అట్ట చేశారేమిటి?"

కొసల్లో పల్లాలున్నాయని, వాటిని పోగొట్టబోయానని కొలతలాయన మెల్లగా చెప్పారు. ఈ జాతి యంత్రాలన్నిటికీ ఆ బుద్ధి ఉందని, రెండు కొసలూ రెండేసి అంగుళాలు కోసి పారేస్తే సరిపోయేదని వడ్రంగి చెప్పాడు.

"కోస్తే కొలత తప్పుతుంది కదా."

"అంటే, పొడవులో నాలుగంగుళాలు పోతాయని మందమంతా పొట్టు చేసుకున్నారన్నమాట," అని వడ్రంగి నిట్టూర్చి, వరండా నిండా ఉన్న పొట్టును గౌరవంగా చూశాడు. అంత సమానమైన పొట్టు తన సర్వీసులో చూడలేదన్నాడు.

భార్య వరండా ఊడ్చుకోవడానికి అడ్డంగా ఉన్న నాలుగు పలకల్నీ ఎత్తి, గదిలో ఖాళీగా కనబడిన చోట, అంటే ట్రెడ్‌మిల్ రెండు చేతికమ్మీల మీద, అడ్డంగా వరసగా పేర్చి వెళ్లింది. చీపురు చప్పుడు మొదలయ్యాక కొలతలాయన లోపలికి వచ్చి చూసి నిలబడిపోయారు. పలకలు కిటికీ ముందు, నడుము ఎత్తున, ఒకదానికొకటి ఒరుసుకుని చదునుగా ఉన్నాయి. చేయి ఊరుకోక, చదును చూసే మట్టపు గొట్టం పెట్టి చూశారు. బుడగ నడిమధ్య నిలిచింది. అనుకున్న మందమే ఉంటే ఆ సన్నపు కమ్మీలు ఈపాటికి చెరో పక్కకీ వాలిపోయేవి. ఆరు మిల్లీమీటర్లను మాత్రం పక్షి వాలినంత తేలిగ్గా మోస్తున్నాయి. పలకల మీద ఆ నది ఈ అంచునుంచి ఆ అంచుకు పారుతోంది.

భార్య చీపురుతోనే వచ్చి గుమ్మంలో నిలబడి, కిటికీలోంచి పొద్దును, గదిలో బల్లను మార్చి మార్చి చూసింది. తీర్పు ఇచ్చింది తానే. నిలబెట్టుకోక తప్పదు.

"గది మీదే," అంది. "యంత్రం మాత్రం వాడిది."

బావమరిది నోరు తెరుస్తాడేమోనని కొలతలాయన బిగుసుకుపోయారు. అతను మాత్రం వారం రోజులుగా మోస్తున్న బరువు దించుకున్నట్టు గోడకు చేరబడ్డాడు. రోజూ తెల్లవారకముందే అక్క ఫోన్ చేసి నడకకు రమ్మంటుందేమోనన్న భయంతో అతనికి ఆ వారమంతా నిద్ర లేదు.

"మీరుండగా నాకేం బాధ, బావగారూ," అన్నాడు. "రోజూ కాసేపు తిప్పుతూ ఉండండి చాలు. తిప్పకపోతే పాడవుతుందట."

అలా లేని దేశాల పటాలు మొదలయ్యాయి. కొండలు, రోడ్లు, సరిహద్దులు కొలతలాయన కదలకుండా నిలబడి గీస్తారు. నదుల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం మీట నొక్కి, మెల్లగా నడుస్తూ గీస్తారు. నడకకు చేయి అటూ ఇటూ ఊగితే నది తనకు తోచిన దారిన పోతుందని ఆయన కనిపెట్టారు. ఆ దేశాల్లో నదులు రానురాను ఎక్కువయ్యాయి.

ఆరు నెలల్లో కొలతలాయన నాలుగు కిలోలు తగ్గారు. డాక్టరు అడిగినప్పుడు, తన ట్రెడ్‌మిల్ ఒక్కరోజు కూడా ఆగకుండా నడుస్తోందని బావమరిది ఒట్టు పెట్టి మరీ చెప్పాడు.