భూషణం గారి అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న పెట్టె మీద పెద్ద గొడవ జరిగింది. అది వైఫై పెట్టె. వాగు ఒడ్డున బంగళా ఖాళీ చేసి పోతూ మనుషులు దాన్ని వదిలేస్తే, జంతువులు తెచ్చుకుని ఇప్పచెట్టు కొమ్మల మధ్య కట్టుకున్నాయి. కరెంటుకి పక్కనే సోలార్ పలక. పెట్టె అడుగున అంటించిన చీటీ మీద నెట్టు పేరూ, పాస్‌వర్డూ ఉన్నాయి. అడవిలో పసిపిల్లలకి కూడా అవి నోటికి వచ్చు.

ఆ నెట్టు మెల్లగా నడిచేది. కానీ కొండ దాటి అవతలి లోయదాకా అందేది.

దానివల్ల ఎక్కువ మేలు పొందింది పల్లం వాళ్ళు. కుందేళ్ళు, ముళ్ళపందులు వాగు పక్క పల్లంలో బొరియలు తవ్వుకుని కాపురాలు చేసేవి. ఆ వాగు మాయదారి వాగు. ఎక్కడో పై కొండల్లో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే పొంగి వచ్చేస్తుంది. ఎగువన చేపలు పట్టుకునే కొంగ తులసమ్మ నీళ్ళ రంగు మారగానే ఫోనులో కబురు పెట్టేది. "వాగు వస్తోంది, పిల్లల్ని తీసుకుని మెరక ఎక్కండి" అని. ఎక్కేవాళ్ళు. నెట్టు వచ్చిన దగ్గర్నుంచి పల్లంలో ఒక్క పిల్ల కూడా కొట్టుకుపోలేదు.

అడవి సంఘానికి అధ్యక్షుడు ఎలుగుబంటి భూషణం. ఆయనకి ఆ పెట్టెతో ఒకటే పని. భోజనం అయ్యాక గుహలో వెల్లకిలా పడుకుని తేనెపట్టు వీడియోలు చూడటం. అడవిలో నిజం తేనెపట్లు లేక కాదు. వాటికోసం చెట్టెక్కాలి, ఈగలు కుడతాయి. వీడియోలో తేనెకి ఆ బాధ లేదు. కడుపు నిండదు, అంతే.

ఒకరోజు సరిగ్గా తేనె కారబోయే సమయానికి బొమ్మ ఆగిపోయి, మధ్యలో చక్రం తిరగడం మొదలెట్టింది. భూషణం కాసేపు చూశాడు. చక్రం ఆగలేదు. తప్పు తనది కాదని ముందే తెలుసు కనుక, ఇక ఎవరిదో తేల్చడమే మిగిలింది.

"పల్లం వాళ్ళు!" అనుకున్నాడు. "బొరియ నిండా పిల్లలు. అందరూ కలిసి నా నెట్టు తాగేస్తున్నారు."

వెంటనే కొండముచ్చు కోదండాన్ని పిలిపించాడు. కోదండం ఒక వేసవంతా పట్నంలో ఫోన్ల కొట్టు కప్పు మీద కాపురం ఉండి వచ్చాడు. కిటికీలోంచి చూసినంత చదువు చూశాడు. అడవికి తిరిగొచ్చి సాంకేతిక సలహాదారు అయ్యాడు.

కోదండం భూషణం ఫోను తీసుకుని పెట్టె లోపలి పేజీలు తిప్పాడు.

"అధ్యక్షా, ఇదుగో. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్. తెలియనివాళ్ళు వీటిని ముట్టుకోవద్దని ఇక్కడే రాసి ఉంది."

"అయితే ముట్టుకో," అన్నాడు భూషణం. "మనకి తెలియనిదేముంది?"

"ముందు నెట్టుని రెండుగా చీల్చొచ్చండి. సభ్యులకి ఒకటి, అతిథులకి ఒకటి."

"పల్లం వాళ్ళు అతిథులు. రాసుకో."

"వాళ్ళు తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నారండి."

"ఇన్నాళ్ళు ఉన్న అతిథుల్ని ఎక్కడైనా చూశావా? అదీ మన మర్యాద. ఇంకేముంది?"

"అతిథులు ఒకరికొకరు కనబడకుండా కట్టెయ్యొచ్చండి. వాళ్ళ కబుర్లు వాళ్ళకీ పోవు, మనకీ రావు."

భూషణం లేచి కూర్చున్నాడు. "ఇంత మంచి సెట్టింగు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా? కనబడితే కలుస్తారు. కలిస్తే సంఘం పెడతారు. కట్టెయ్."

సభ్యుల నెట్టు పేరు ఎవరికీ కనబడకుండా దాచేశారు. కొత్త పేరు, కొత్త పాస్‌వర్డు కోదండమే పెట్టి, భూషణం ఫోనులో తనే కొట్టి ఇచ్చాడు. "రహస్యం కదండీ, మీక్కూడా తెలియకపోవడమే మంచిది" అన్నాడు. భూషణానికి ఆ మాట చాలా నచ్చింది. పెట్టె అడుగున ఉన్న పాత చీటీ మీద అధ్యక్షుల వారి ఫోటో పెట్టి, తుమ్మజిగురు దట్టంగా పూసి అంటించారు.

తర్వాత ఇప్పచెట్టు కింద సభ జరిగింది. భూషణం సంస్కరణలు ప్రకటించగానే ముళ్ళపంది సూరమ్మ లేచింది. పల్లంలో ఎవరింట కాన్పయినా, కయ్యమైనా ముందుండేది ఆవిడే.

"ఏవండీ అధ్యక్షులు గారూ, మా ముత్తాత తవ్విన బొరియలో నేనుంటే, నన్ను అతిథి అంటారేంటి? అతిథినైతే మరి భోజనం పెట్టండి!"

పల్లం వాళ్ళు గొల్లున నవ్వారు. భూషణం నవ్వలేదు.

కొంగ తులసమ్మ ముందుకొచ్చింది. "నన్నూ అతిథుల్లోనే వేశారట. నా కబురు ఎవరికీ పోదట. మరి వాగు వస్తే పిల్లల సంగతేంటండీ?"

"నువ్వు ఎండాకాలం ఒకచోట, వానాకాలం ఒకచోట ఉంటావు. అతిథివి కాక మరేంటి? అత్యవసరమైతే కోదండం గారికి చెప్పు. అది అత్యవసరమో కాదో ఆయన తేల్చి నాకు పంపిస్తాడు."

"ఈలోపు వాగు ఆగుతుందాండీ?"

"ఇంకో మాట," అన్నాడు భూషణం, అదేమీ విననట్టు. "ఇకనుంచి ఈ అడవిలో నోటి మాట చెల్లదు. నా ఫోను నుంచి వచ్చిందే కబురు. ఏనుగు గంగయ్యా, నీక్కూడా చెబుతున్నా. సహాయానికి ఎక్కడికి కదలాలన్నా నా కబురు వస్తేనే."

ఏనుగు గంగయ్య కొండ అవతలి లోయలో ఉంటాడు. అడవిలో ఎవరికి ఆపదొచ్చినా ఎత్తేది, దించేది ఆయనే. "చిత్తం," అన్నాడు. గంగయ్యకి బలం ఎంతుందో భయం అంతుంది.

మర్నాటి నుంచి పల్లంలో ఫోన్లు మూగబోయాయి. సూరమ్మ కొడుకు పక్క బొరియకి కబురు పెట్టాలంటే నడిచి వెళ్ళి చెప్పి రావలసి వచ్చింది.

అయితే చిత్రం, భూషణం గుహలో చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఈసారి అసలు బొమ్మే రాలేదు.

కోదండం వచ్చి గుహ గోడలు తట్టి చూశాడు. "మీకు వేగం ఎక్కువుండే తరంగం పెట్టానండి. దాని గుణం ఏంటంటే, పరుగు ఎక్కువ, ఓపిక తక్కువ. రాయి అడ్డమొస్తే దాటదు, దూరం పోదు."

"పాతది దాటేదిగా?"

"అది సామాన్యుల తరంగమండి. మీ హోదాకి బాగుండదు. మీరే కాస్త పెట్టెకి ఎదురుగా రండి."

భూషణం ఆలోచించాడు. వెనక్కి పోవడం అవమానం. కిందికి పోవడం మాత్రం సంస్కరణ. తాతలు కట్టిచ్చిన రాతి గుహ వదిలేసి, దిగువకి వచ్చి, ఇప్పచెట్టుకి ఎదురుగా వాగు మధ్య ఇసుక దిబ్బ మీద పక్క వేసుకున్నాడు. అడవి మొత్తంలో అంతకంటే పల్లం లేదు. అయితేనేం, వీడియో పారుతున్న తేనెలాగే ఆగకుండా ఆడింది. చెవుల్లో దూది ఉండల్లాంటి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు, మొహం చాటంత చేసుకున్నాడు.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం ఎగువన నీళ్ళు ఎర్రబడ్డాయి. తులసమ్మ కబురు పెట్టింది. పోలేదు. కోదండం కోసం వెతికితే ఆయన ఏ చెట్టు మీదో భోజనానంతర విశ్రాంతిలో ఉన్నాడు. ఇక రెక్కలే గతి అనుకుని పల్లం మీదికి ఎగిరొచ్చింది.

పల్లం వాళ్ళు ఒక్క అరుపుకే లేచారు. ఫోన్లు ఆడక చాలా రోజులైంది కదా, తలలెత్తి ఆకాశం చూసే అలవాటు మళ్ళీ వచ్చింది వాళ్ళకి. సూరమ్మ ఒక్కో బొరియ ముందూ నిలబడి, ఆఖరి పిల్ల బయటికి వచ్చేదాకా కదల్లేదు. అందరూ మెరక ఎక్కేశారు.

తులసమ్మ అక్కణ్ణుంచి ఇసుక దిబ్బ మీదికి వచ్చి గుండ్రంగా తిరుగుతూ అరిచింది. భూషణం చెవుల్లోవి తియ్యకుండానే చెయ్యి ఊపాడు. "ఫిర్యాదులు బుధవారం!"

మెరక మీద పల్లం వాళ్ళంతా చేతులూపుతూ కేకలేశారు. భూషణం అటు చూశాడు. జేజేలు కొడుతున్నారనుకున్నాడు. "ఎంత లేదన్నా మనసులో గౌరవం ఉంటుంది," అనుకుని, హుందాగా తల పంకించాడు.

అంతలో బొమ్మ ఆగిపోయింది. చక్రం తిరిగింది.

"మళ్ళీ ఎవరో దొంగతనంగా వాడుతున్నారు!" అని ఆయన గుడ్లురుముతూ లేచేసరికి, కాళ్ళ కింద పక్క తేలిపోయింది.

వాగు ఆయన్ని ఈడ్చుకుపోయి ఇప్పచెట్టుకేసి కొట్టింది. ప్రాణం పోతున్నా ఫోను వదల్లేదు, పళ్ళతో కరిచి పట్టుకునే చెట్టెక్కాడు. ఎక్కి పెట్టె పక్కన కొమ్మ మీద కూర్చున్నాడు. కింద నీళ్ళు పెరుగుతున్నాయి. చెట్టు వేళ్ళు ఒక్కొక్కటే కదులుతున్నాయి.

"గంగయ్యని పిలవండిరా!" అని అరిచాడు.

తులసమ్మ కొండ దాటి వెళ్ళి వచ్చింది. "చెప్పానండీ. నోటి మాట చెల్లదన్నాడు. మీ ఫోను నుంచి కబురు వస్తేనే కదులుతాడట. మీ మాటే కదా, కాదంటే మీరే కోప్పడతారని భయపడుతున్నాడు."

భూషణం ఫోను తీశాడు. తడిసిన ఫోను దాచిన నెట్టుని మర్చిపోయింది. వెతికితే పేరు కనబడలేదు. కనబడకుండా చేసింది తనే. పాస్‌వర్డు తనకి తెలియదు. తెలియకపోవడమే మంచిదంటే మెచ్చుకున్నది కూడా తనే. తెలిసినా ఆ తరంగం కొండ దాటదు.

అప్పటికి నిద్రలేచిన కోదండం ఇప్పచెట్టుకి దగ్గరగా ఉన్న కొమ్మ మీదికి గెంతి అరిచాడు. "అధ్యక్షా, కంగారులో పాస్‌వర్డు నాక్కూడా గుర్తుకి రావడం లేదు! పెట్టె వెనక చిన్న కన్నం ఉంటుంది. అందులో నొక్కిపెడితే సెట్టింగులన్నీ పోయి పాతదైపోతుంది!"

భూషణం నొక్కబోయాడు. ఒక్కో గోరూ కొడవలంత ఉంది. కన్నం చీమ దూరేటంత.

సూరమ్మ ఆ అవస్థ చూసింది. ఒళ్ళు దులుపుకుంది. రాలిన ముళ్ళల్లో సన్నగా, గట్టిగా ఉన్నది ఒకటి ఏరింది.

"తులసమ్మా, ఇది ఆయనకిచ్చిరా. అతిథి పంపిందని చెప్పు."

ముల్లుతో నొక్కాడు. దీపాలు ఆరి, మళ్ళీ వెలిగాయి. పెట్టె పాతదైపోయింది. పాత పేరు, పాత పాస్‌వర్డు. అడవిలో పసిపిల్లలకి కూడా నోటికి వచ్చినవి. నేర్చుకోవలసిన అవసరం అధ్యక్షుడికి ఎప్పుడూ రాలేదు.

"పాస్‌వర్డు చెప్పండర్రా!"

మెరక మీద అందరూ ఒక్కసారే చెప్పారు. వాగు హోరులో ఒక్క అక్షరం వినబడలేదు. తులసమ్మ చెవి దగ్గరికొచ్చి చెప్పింది కానీ, ఆ పొడుగాటి అంకెలూ అక్షరాలూ ఎన్నిసార్లు విన్నా ఆయన తలకెక్కలేదు.

"అడుగున చీటీ మీద ఉందండీ! మీ ఫోటో కింద!" అంది తులసమ్మ.

భూషణం పెట్టె తిప్పి చూశాడు. తన మొహం తనవైపే నవ్వుతూ చూస్తోంది. మంచి ఫోటో. అంత బాగా మళ్ళీ పడుతుందో పడదో. చెట్టు ఒకవైపుకి ఒరిగింది. అయినా ఆయన ఇంకాసేపు ఆలోచించాడు.

తర్వాత గోళ్ళతో తన ముక్కు గీకాడు. కళ్ళు గీకాడు. నవ్వు చివరిదాకా రాలేదు, జిగురు మంచిది. మొత్తానికి చీటీ బయటపడింది. కబురు మెల్లగా, చాలా మెల్లగా కొండ దాటింది. చక్రం తిరుగుతున్నంతసేపూ భూషణం దానికి దణ్ణం పెడుతూనే ఉన్నాడు. గంగయ్య వచ్చి, చెట్టు పడే ముందు ఆయన్నీ, పెట్టెనీ తొండంతో ఎత్తి మెరక మీద దించాడు.

వాగు తీశాక సభ జరిగింది. వరద లోతుని స్వయంగా దిగి పరీక్షించినందుకు అధ్యక్షుల వారికి అభినందనలు తెలుపుతూ తీర్మానం చేశారు. పెట్టెని ఈసారి ఎత్తు మీద మద్దిచెట్టుకి కట్టారు. సెట్టింగులు ఎవరూ ముట్టుకోలేదు. తులసమ్మ కబుర్లు మళ్ళీ పల్లానికి అందుతున్నాయి.

సభ అయ్యాక భూషణం కోదండాన్ని పక్కకి పిలిచాడు.

"ఒకవేళ మళ్ళీ అలాంటి అవసరం వస్తే, పల్లం వాళ్ళ నెట్టు ఆపేసి, నాకు మాత్రం వాగు కబురు వచ్చే సెట్టింగు ఏమైనా ఉందా?"

"చూస్తానండి," అన్నాడు కోదండం. "అడ్వాన్స్‌డ్‌లో ఉండే ఉంటుంది."

నీతి: పొరుగువాడి నోరు కట్టేస్తే నీ వీడియో ఎక్కడా ఆగకుండా ఆడుతుంది, నువ్వు మునిగేదాకా.